ఎదురింటి గేటు కాడ ఆగిన బోనం

మా కాలనీకి ఒక చరిత్ర ఉన్నదని మాకు తెలంగాణ ఉద్యమం రోజుల్లనే తెలిసింది. అప్పటిదాక మాకు ఉన్నదల్ల ఒక కంపు కొట్టే మోరీ, వారానికోసారి ఒచ్చే నీళ్ల ట్యాంకరు, దిల్‌సుఖ్‌నగర్‌ల బస్సు దిగి లోపలికి నడిచేటోళ్ల ఎంబడి పడే కుక్కలు. చైతన్యపురి కాడ ఎక్కినా ఎల్బీనగర్ కాడ ఎక్కినా, మా కాలనీ పేరు చెప్తే ఆటోవాళ్లు మొహం అటు తిప్పుకునేటోళ్లు. అసొంటి జాగకు చరిత్రేందని ఎవ్వరు అడుగలేదు. ఆ రోజుల్ల గసొంటియి అడిగేటోళ్లు కూడ లేరు.

ఆ ఆషాఢంల మా కాలనీ ప్రెసిడెంటు మీటింగు పెట్టిండు. ఆయనది కూడ మా నల్లగొండ దిక్కే. ఊరూరా ప్లాట్లు అమ్మి అమ్మి, ఆఖరికి మా కాలనీలనే మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నడు. అందరికంటే ఎనక ఒచ్చినోడు ఆయనే, అందరికంటే ముందల కుర్సీల కూసునేటోడు కూడ ఆయనే. ఉన్నదే పిడికెడు మందిమి, అయినా మైకు పట్టుకున్నడు.

"ఈసారి బోనాలు ఊకె బోనాలు కాదు. మన చరిత్ర పండుగ. మన తాతలెవరు, మన ఊరేది, మన ఇంటిపేరు గొప్పేంది, అంత ఫ్లెక్సీల మీద కొట్టిచ్చి గల్లీ పొడుగుత కడదం. మన మైసమ్మ తల్లి చరిత్ర కూడ రాద్దం. మన మూలాలు మనకే తెల్వకుంటే తెలంగాణ ఎట్ల ఒస్తది?"

అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను కూడ కొట్టిన. తెలంగాణ కావాలని ఎల్బీనగర్ చౌరస్తాల వంటా వార్పుకు పోయి, నడిరోడ్డు మీద వండిన ఉడికీ ఉడకని పప్పు తిని మూడు దినాలు కడుపు పట్టుకున్న మనిషిని నేను. నా మీద ఎవరు అనుమానం పెట్టుకోవద్దు.

అప్పుడు నేను కోఠీల ఆడపిల్లల కాలేజీల ఎమ్మే హిస్టరీ చదువుతున్న. ఇగ చెప్పేదేముంది, రాసే పని నా నెత్తిన పడ్డది. ఇంటింటికి పోయి "మీ తాత గురించి చెప్పున్రి" అని అడుగుడు. పోయిన ప్రతి ఇంట్ల చాయ పోసిండ్రు, ప్రతి ఇంట్ల తాత రజాకార్ల మీద కొట్లాడిండు. ఒక తాత వడిసెల తిప్పిండు, ఒక తాత బావిల దూకి నీళ్ల అడుగున దినమంత దాక్కున్నడు, ఇంకో తాత తుపాకి గుంజుకొని ఎనక్కి కాల్చిండు. ఇంతమంది తాతలు కొట్లాడితే నిజాం ఒక్క పూట కూడ నిలబడకపోవు గదా అని నాకు లోపల నవ్వు. ఎవరి తాత కూడ గడ్డివాముల దాక్కోలేదు. మరి గడ్డివాములల్ల దాక్కున్నోళ్ల మనుమలు ఏ కాలనీల ఉంటరో నాకు ఇప్పటికి తెల్వదు.

మా తాత సంగతి బాపును అడిగిన. బాపు జర సేపు గోడ దిక్కు చూసిండు. "పోరాటం చేసేటోళ్లకు సద్ది మోసిండని రాయి" అన్నడు. లోపటి నుంచి అమ్మ అందుకున్నది. "మోసిండు. తొవ్వల తనే తినేసిండు. ఆయన తిండి నాకు తెల్వదా, అన్నేండ్లు వండి పెట్టిన" అన్నది. నేను సద్ది మోసిండనే రాసిన.

మా అమ్మ గురించి చెప్పాలె. మా అమ్మ నోట్ల నువ్వుగింజ నానదు. దేవుడైనా సరే, ప్రెసిడెంటైనా సరే, అనాలనిపిస్తే అంటది. పూనకాలంటే ఆమెకు మరీ చిరాకు. జాతరల ఎవరన్న జుట్టు ఇరబోసుకొని ఊగితే, "ఇంట్ల అత్త ముంగట నోరు లేవదు, ఇక్కడ దేవత పేరు మీద తీర్చుకుంటది" అనేది.

ఆఖరికి మైసమ్మ చరిత్ర మిగిలింది. మా గల్లీ మలుపుల చిన్న గుడి, దానికి ప్రెసిడెంటు వేయించిన టైల్సు, మీద ఒక మైకు. "కాకతీయుల కాలం నాటి చెరువు కట్ట మైసమ్మ అని రాయి బిడ్డా" అని ఆయన నాకు ముందే చెప్పి పెట్టిండు. ఎమ్మే చదివిన రోషం ఒకటుంటది గదా. నిజం ఏందో కనుక్కుందమని అమ్మను అడిగిన. అమ్మ అప్పుడు కందిపప్పు చెరుగుతున్నది. చేట ఆపి, తలుపు దగ్గరికేసి రమ్మన్నది.

"ఎవరికన్న చెప్తే నాలిక కోస్త" అన్నది ముందల. తర్వాత చెప్పింది.

ఈ కాలనీల మొదలు కట్టిన ఇల్లు ఎదురింటి ఆంటీది. రెండోది మాది. ఆంటీ వాళ్లది తెనాలి దిక్కు. అంకులు బ్యాంకు ఆఫీసరు, చీమకు కూడ జరుగమని చెప్పి నడిచే మనిషి. అప్పుడు ఇక్కడ అన్ని తుమ్మచెట్లు, పాములు, రాత్రయితే నక్కలు. ఆంటీ బిడ్డకు అమ్మవారు పోసింది. ఒళ్లంత పొక్కులు, జరం, పోరి కండ్లు తెరుస్తలేదు. మలక్‌పేట దవాఖానకు తీస్కపోయి తీస్కొచ్చిండ్రు. ఊరు కాని ఊర్ల ఎవరికి మొక్కాల్నో తెల్వక ఆంటీ మా గుమ్మంల కూసొని ఏడ్చింది.

"మైసమ్మకు మొక్కు వదినె, తగ్గుతది" అన్నది అమ్మ.

"మైసమ్మ ఎక్కడుందండీ ఇక్కడ?" అని అడిగింది ఆంటీ.

తెల్వదంటే ఇజ్జత్ పోతదని అమ్మ నాలుగు దిక్కులు చూసింది. ప్లాట్లు కొలిచినోళ్లు పాతిపోయిన హద్దురాయి ఒకటి కండ్లవడ్డది. "గదే" అన్నది. ఇద్దరు కల్సి దాన్ని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, యాపమండ గుచ్చిండ్రు. ప్లాటు నెంబరు కనపడొద్దని అమ్మ పసుపు మందంగ పూసిందట. పోరికి తగ్గింది. ఆంటీ మొక్కు ప్రకారం బోనం వండి నెత్తిన ఎత్తుకొని ఆ రాయి కాడికి నడిచింది. ఎనక మా అమ్మ ఒక్కతే. అప్పటిసంది ఏటేటా ఆంటీదే తొలి బోనం. ఎవరు నిర్ణయించింది కాదు, అట్ల నడుస్తున్నది. తర్వాత తర్వాత ఒచ్చినోళ్లు ఇది ఎప్పటి గుడో అనుకున్నరు. దండం పెట్టినోళ్లకు ఉద్యోగాలు కూడ ఒచ్చినయి.

నాకు నవ్వాగలేదు. "అంటే మన మైసమ్మ ప్లాటు రాయా?" అన్న.

అమ్మ చేటతోనే ఒకటి ఏసింది. "మైసమ్మే. మేము పసుపు పూసినంక మైసమ్మే" అన్నది.

ఫ్లెక్సీల నేను కాకతీయుల కాలమనే రాసిన. ఏం చేస్త, నాలిక మీద పాణం ఉన్నది.

పండుగకు వారం ముందు ఇంకో మీటింగు. బోనాల వరస తేల్చుడు. ప్రెసిడెంటు మళ్ల మైకు పట్టిండు. "ఈ ఏడు తొలి బోనం ఈ నేల బిడ్డ ఎత్తాలె. ఆంధ్రోళ్ల ఎనక మనం నడిస్తే ఇగ ఉద్యమం ఎందుకు, మన చరిత్ర ఎందుకు?" అని, మా అమ్మ పేరు చెప్పిండు. ఆంటీ ఎనక వరసల కూసొని ఉన్నది. అందరు మెడలు తిప్పి ఆమె దిక్కు చూసి, మళ్ల ముందుకు తిప్పుకున్నరు. అంకులు లేచి నిలబడ్డడు. "అలాగేనండి, మాకేం అభ్యంతరం లేదండి" అన్నడు. అంతకు కొన్ని దినాల ముందు ఎవరో వాళ్ల గోడ మీద నల్లరంగుతోని 'గో బ్యాక్' అని రాసిపోయిండ్రు. ఆయన ఎవరికి చెప్పకుంట పొద్దుగాల్నే లేచి సున్నం కొట్టుకున్నడు.

ఉన్నది ఉన్నట్టు చెప్తే, మా అమ్మకు ఆ దినం లోపల కుశాలే అయింది. ఆంటీకి ఆమెకు దోస్తీ ఎంతో పోటీ అంత. ఆంటీ గోంగూర పంపితే అమ్మ "కారం తప్ప ఏం లేదు" అని తిడుతనే గిన్నె నాకేది. అమ్మ సర్వపిండి పంపితే ఆంటీ "గట్టిగా ఉంది వదినగారూ, పళ్లు జాగ్రత్త" అని తనకు తనే చెప్పుకుంట తినేది. ఏటా ఆంటీ ఎనక నడిచి నడిచి మా అమ్మకు మెడ గుంజేది. "ఎట్లనో నా వంతొచ్చింది" అని ఇంటికొచ్చి పట్టుచీర తీసి ఎండేసింది.

తెల్లారి ఇత్తడి దీపం ప్రమిద కావాలని ఎదురింటికి పోయింది. అది నెపం. జర మొహం చూపిచ్చి వద్దమని పోయింది, నాకు తెల్వదా. నన్ను కూడ ఎంబడి తీస్కపోయింది.

వాళ్ల హాల్ల అట్టపెట్టెలు. గోడ మీది ఫోటోలు దించి ఒక దాని మీద ఒకటి పేర్చిండ్రు. ఆంటీ కింద కూసొని పింగాణి గిన్నెలకు పేపరు చుడుతున్నది.

"ఏంది వదినె ఇది?" అన్నది అమ్మ.

"ఇల్లు అమ్మేద్దామంటున్నారు వదినగారూ. ఆషాఢం వెళ్లాక గుంటూరు వెళ్లిపోదామని. ఆయనకి రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. గేటు చప్పుడైతే లేచి కూర్చుంటున్నారు."

"మరి నువ్వు?"

ఆంటీ పేపరు చుట్టిన గిన్నెకే మళ్ల పేపరు చుట్టింది. "నాకు గుంటూరులో ఎవరున్నారండీ? మా అమ్మా నాన్నా పోయారు. అక్కడ నన్ను హైదరాబాదు వాళ్లంటారు. ఇక్కడ ఆంధ్రా వాళ్లంటారు" అన్నది. అని చేతితోని మూతి మూసుకున్నది.

అమ్మ ప్రమిద సంగతి మర్చింది. "నువ్వు మీటింగుల లేచి చెప్పు వదినె. గీ మైసమ్మకు పసుపు పూసింది నేనని చెప్పు. నేను సాక్ష్యం చెప్త. చూద్దం, ఎవడు ఎట్ల కాదంటడో!"

"ఏమని చెప్పను? అది ప్లాటు రాయని చెప్పనా?" ఆంటీ కండ్లు తుడుచుకొని అమ్మ దిక్కు చూసింది. "నా పిల్లని బతికించిన తల్లిని పదిమందిలో రాయి అనమంటారా? నాకు బోనం లేకపోతే లేకపోయింది. మీరే ఎత్తండి వదినగారూ, మీరైతే నాకు బాధ లేదు."

ఆ మాటకు మా అమ్మకు దిమ్మ తిరిగింది. ఇంటికొచ్చి, అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు, నా మీద, బాపు మీద, గ్యాసు పొయ్యి మీద ఒర్రింది. సాయంత్రం ప్రెసిడెంటు ఇంటికి పోయి "తొలి బోనం ఆమె ఎత్తుతది, నేను ఎనక నడుస్త" అని చెప్పింది. ఆయన నవ్విండు. "అక్కా, ఫ్లెక్సీల నీ ఫోటో ఎక్కింది. ప్రింటు అయినంక ఎట్ల మారుస్తం? ఇది నీ ఒక్కదాని ముచ్చట కాదు, తెలంగాణ ఇజ్జత్." ఇంత పోరాటం చేసి ఒక్క ఫ్లెక్సీ మార్చలేని జాతి అయినమా మనం అనిపించింది నాకు. అమ్మ మాత్రం ఏం అనలేదు. మా అమ్మ ఏం అనలేదంటే భయపడాలె. అది మా ఇంట్ల అందరికి తెలుసు.

ఆదివారం వచ్చింది. గల్లీ పొడుగుత తాతలు వేలాడుతున్నరు, అందరికి కోరమీసాలే. ఫోటోలు లేని తాతలకు ప్రింటింగు షాపోడు ఎక్కడి నుంచో మీసాలు తెచ్చి పెట్టిండు. మా సద్ది మోసిన తాత పక్కింటోళ్ల తుపాకి తాత తీరుగనే ఉన్నడు. డప్పులోళ్లు ఒచ్చిండ్రు, పోతరాజు ఒంటికి పసుపు పూసుకొని కొరడా తిప్పుతున్నడు. ఆడోళ్లందరు బోనాలు ఎత్తుకొని వరస కట్టిండ్రు. అందరికంటే ముందు మా అమ్మ, పట్టుచీరల, నెత్తి మీద పసుపు బోనం, దాని మీద దీపం. నేను పక్కపొంటి కొబ్బరికాయల సంచి పట్టుకొని నడుస్తున్న. ఎదురింటి గేటు మూసే ఉన్నది. కిటికీ పరదా మాత్రం జర కదిలింది.

మేము ఆ గేటు కాడికి రాంగనే అమ్మ ఆగింది.

ఎనకోళ్లు ఆగిండ్రు. డప్పు ఆగలేదు. ప్రెసిడెంటు "నడువక్కా, నడువు" అన్నడు. అమ్మ నడువలేదు. ఒక్కసారి ఒళ్లు జలదరించినట్టు ఊగింది. జుట్టు ముడి ఊడింది. బోనం మీద చెయ్యి పెట్టి ఒక అరుపు అరిచింది చూడు, పోతరాజు చేతిల కొరడా కింద పడ్డది.

"అమ్మో, పూనకం ఒచ్చింది, తల్లి ఒచ్చింది!" అని ఆడోళ్లు లొల్లి చేసిండ్రు. ఒకరు యాపమండ పట్టుకొచ్చిండ్రు, ఒకరు కాళ్ల మీద సాక నీళ్లు పోసిండ్రు. నేను నోరు తెరుచుకొని నిలబడ్డ. పూనకాలను ఇన్నేండ్లు ఎక్కిరిచ్చిన మనిషి మా అమ్మ!

ప్రెసిడెంటు మైకు ఇడిచిపెట్టి చేతులు జోడిచ్చిండు. "ఏం తక్కువైంది తల్లీ? ఏం గావాలె?"

"ఏం తక్కువైందిరా? అన్ని తక్కువైనయి!" అన్నది మా అమ్మ, గొంతు మార్చి. "మోరీ ఎప్పుడు బాగు జేయిస్తవ్ రా? నా గుడి ముంగట నీ కారు పెడతవా?"

"తీస్త తల్లీ, తీస్త."

"నా పెద్దబిడ్డ ఏది? ముందుగాల నాకు పసుపు పూసిన బిడ్డ ఏది? ఆమె రాకుంట నేను కదులుతనా? ఈ గేటు కాడనే నిలబడ్త. ఈ బోనం ఈడనే పగులగొడ్త. చూస్త, ఎట్ల చేస్తరో మీ చరిత్ర పండుగ!"

డప్పులు కూడ ఆగినయి. ఉద్యమం ఎంత పెద్దదైనా, నెత్తిన బోనం ఉన్న దేవతతోని వాదం పెట్టుకునేటోడు మా నల్లగొండల ఇంకా పుట్టలేదు. ప్రెసిడెంటు పోయి తనే గేటు కొట్టిండు. "వదినమ్మా, జర బయటికి రా వదినమ్మా, తల్లి పిలుస్తున్నది" అన్నడు. మొన్న ఆంధ్రోళ్లు అన్న నోటితోనే అన్నడు.

తలుపు తెరుచుకున్నది. ఆంటీ నెత్తిన బోనంతోనే ఒచ్చింది. సున్నం, పసుపు, కుంకుమ, యాపాకులు, అన్ని ఏటా ఉన్నట్టే ఉన్నయి. దీపం కూడ వెలుగుతున్నది. ఎవరు పిలువరని తెలిసి కూడ తెల్లారుజామున్నే వండుకొని, తన దేవుడి గూట్ల పెట్టుకొని కూసున్నదట. ఆమెను అట్ల చూసి నాకు ఏడుపొచ్చింది. నేను అంత తొందరగ ఏడిచేదాన్ని కాదు.

ఆమె ఎనక అంకులు, లుంగీ మీద, చేతులు జోడిచ్చుకొని. అమ్మ ఆయన దిక్కు తిరిగింది.

"నువ్వు ఏడికి పోతవ్ రా? నీ బిడ్డకు పాణం పోసిన. నన్ను ఈ ఎండల ఇడిచిపెట్టి ఏడికి పోతవ్?"

ఆ పెద్దమనిషి రోడ్డు మీద సాగిలపడ్డడు. "పోనమ్మా, ఎక్కడికీ పోను, తప్పయిపోయింది తల్లీ" అని ఏడ్చిండు. బ్యాంకు ఆఫీసరు, నీళ్లు పోసిన బురదల పండి, పదిమంది చూస్తుండంగ. ఆ గోడ మీద ఎవరు రాసిండ్రో నాకు తెల్వదు. గా గుంపులనే ఉండొచ్చు. ఆ దినం మాత్రం ఇద్దరు పోరగాండ్లు పోయి ఆయనను లేపి, ఒంటికంటిన బురద తుడిచిండ్రు.

తొలి బోనం ఆంటీదే నడిచింది. ఎనక మా అమ్మ నడిచింది. గుడి కాడికి పోయేసరికి పూనకం దిగింది, మంచినీళ్లు తాగింది, "కాళ్లు కాలుతున్నయి, చెప్పులు తే" అని నన్ను తిట్టింది. ఫ్లెక్సీల మాత్రం మా అమ్మ ఫోటోనే ముందున్నది.

తెల్లారి పొద్దున ఆంటీ మా వంటింట్లకు ఒచ్చింది. చేతిల గోంగూర గిన్నె. అమ్మ చాయ పోసి ఇచ్చింది. ఇద్దరు సగం చాయ తాగిండ్రు. నేను ఉల్లిగడ్డ కోస్తున్నట్టు నటించుకుంట చెవులు అక్కడనే పెట్టిన.

"వదినగారూ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి" అన్నది ఆంటీ మెల్లగ. "నిన్న మీకు పూనకం రాలేదు కదా?"

"ఎవరన్నరు?"

"పూనకం వచ్చిన మనిషి నా చీర కొంగు సర్దుతుందా అండీ? గేటు దగ్గర సర్దారు." ఆంటీ నవ్వబోయి ఆపుకున్నది. "ఆయనకి మాత్రం చెప్పకండి. రాత్రి పెట్టెలన్నీ విప్పేశారు. ఫోటోలు మళ్లీ గోడకి పెట్టేశారు."

నేను పకపక నవ్విన. అమ్మ నవ్వలేదు. చాయ గిలాస కింద పెట్టింది. ఆమె కండ్లు ఎర్రగైనయి.

"ఒచ్చింది వదినె" అన్నది. "నీ ఇంట్ల ఆ పెట్టెలు చూసిననాడే ఒచ్చింది. నెత్తి మీదికి బోనం ఎక్కేదాక ఆపుకున్న, అంతే."